సముద్రముమీది బిడారు



మనది మెట్టసీమ. పెనుకొండ కొండకోట శిఖరమెక్కి నలుదెసల పరికించినను కొండలు, చెఱువులు, వేరుసెనగ చేలు కానవచ్చునే కాని కడలి జాడ తెలియదు. ఎర్రమంచినుండి తూర్పుతీరమునకు పోవలయునన్నను నూటయేబది మైళ్లకు పైబడిన దారి. ఇట్టి యూరిలో నలుబదియేండ్లు బడిపంతులుగా నుండి, అమరమును రామాయణమును చెప్పుకొని బ్రతికినవాడు నేడు ఓడలను గూర్చి మాటలాడనేల యని మీలో పెద్దలు కొందఱనుకొనవచ్చును. అందులకు నాయుత్తరమిది: మన తాతతండ్రుల ఇండ్లలో దీపము వెలుగుట, వెలుగకుండుట సముద్రముమీద నిర్ణయమైన దినములు కలవు. ఆ దినములలో ఓడలకు కావలికాచిన ఓడలెవ్వి, వానిని నడిపినవారెవ్వరు అనుసంగతి మన పల్లెలలో చెప్పినవారు తక్కువ. కావున చెప్పుచున్నాను.

బిడారు అనిన మీకు వివరింపబనిలేదు. రైలు రాకపూర్వము లంబాడీలు తీరమునుండి ఉప్పును, ఇక్కడినుండి ధాన్యమును ఎద్దులమీద వేసికొని వందలు వేలు ఎద్దులతో ఒక్కుమ్మడిగా కదలుచుండిరి. చుట్టును కుక్కలు, ఆయుధములు పట్టిన పడుచువాండ్రు కావలి. ఒంటియెద్దు దొంగల పాలగును. బిడారు గమ్యము చేరును. 1791లో కారన్‌వాలిసు దొర శ్రీరంగపట్టణముమీదికి దండెత్తినపుడు ఆతని సైన్యమునకు తిండిగింజలు చేర్చినవి ఇట్టి బిడారులే. హిందూపురపు సంతకు బెల్లపు బండ్లను తోలుకొనివచ్చు రైతులు రాత్రివేళ నాలుగైదు బండ్లు కూడనిదే కనుమ దాటెడివారు కారని మాపెద్దలు చెప్పగా వింటిని. ఆంగ్లేయులు కాన్వాయి యను మాటకు అర్థమిదియే. వర్తకపు ఓడలు గుంపుగట్టి పోవుట, యుద్ధపుటోడలు చుట్టును నడచుచు వానిని కాచుట.

సముద్రవర్తకునకు అభయమిచ్చుట తెలుగు రాజులకు క్రొత్త ధర్మము కాదు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244-45 ప్రాంతమున మోటుపల్లి రేవున శాసనము వేయించెను. అంతకుముందు గాలివానకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సొత్తునంతయు రాజులు లాగికొనుచుండిరి. ఆ చక్రవర్తి ఆ వాడుకను మాన్పి, న్యాయమైన సుంకము మాత్రము తీసికొని తక్కిన సొమ్ము వర్తకునకే విడిచిపెట్టునట్లు కట్టడి చేసెను. ఆ శాసనమునకు అభయశాసనమనియే పేరు. విజయనగరపు రాయల కాలమునకు మన సీమకును కడలికిని బంధము మఱింత బిగిసెను. రాయల అశ్వదళమునకు మేలుజాతి గుఱ్ఱములు అరబ్బు, పారశీక దేశములనుండి ఓడలమీదనే రావలసియుండెను. పడమటి సముద్రమును పోర్చుగీసువారు తమ చేతిలోనుంచుకొనిరి. గుఱ్ఱపు వర్తకమును గూర్చి 1547లో రాయలకును వారికిని ఒడంబడిక జరిగెను. కన్నడతీరమునుండి గోవాకు బియ్యము కొనిపోవు చిన్నయోడలను ఆ శతాబ్దపు చివరిభాగమున పోర్చుగీసువారు గుంపుగట్టించి, యుద్ధనావల కావలితో నడిపిరి. 1565లో రక్కసి తంగడి యుద్ధము తరువాత రాజధానియైన మన పెనుకొండకును సముద్రమును కాచువాడెవ్వడనునది ఊరక విని విడువదగిన సంగతి కాకుండెను.

ఇక యంత్రయుగమునకు వత్తము. 1914వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ఎమ్డెన్ అను జర్మను యుద్ధనౌక మదరాసు రేవు ముందఱ నిలిచి, తీరమున నున్న బర్మా చమురు కంపెనీవారి తొట్లమీద గుండ్లు ప్రయోగించి తగులబెట్టెను. ఆ నౌక నవంబరు 9వ తేదీన కోకోసు దీవులకడ నాశనమైనది. దానిని కూల్చిన సిడ్నీ అను ఆస్ట్రేలియా నౌక అప్పుడు సైనికులను మోసికొనిపోవు ఓడల బిడారునకు కావలికాయుచు, అందుండి ఒక్కగడియ విడివడి వచ్చినదే. ఈ కోకోసు దీవుల పేరు జ్ఞాపకముంచుకొనుడు; మరల వచ్చును.

ఆ యుద్ధముననే 1917 ఫిబ్రవరిలో జర్మనీవారు ఏ దేశపుటోడయని చూడక కనబడిన ప్రతి వర్తకపుటోడను జలాంతర్గాములతో ముంచెదమని ప్రకటించిరి. ఏప్రిలు నెల యొక్కటియందే ఎనిమిదిలక్షల టన్నులకు మించిన ఓడలు నీటి పాలయ్యెను. అప్పటికిని ఇంగ్లండు నౌకాధికారులు బిడారు కట్టుటకు జంకిరి. ఓడలన్నియు ఒకచోట జేరిన శత్రువునకు ఒక్కవేటుకే దొరకునని ఒక వాదము. వర్తకపు నావికులు చీకటిలో వరుస తప్పక నడపజాలరని మఱియొక వాదము. గత్యంతరము లేక మే నెలలో ప్రయత్నించి చూడగా రెండు వాదములును నిలువలేదు. బిడారులో పోయిన ఓడలలో నూటికొకటియైనను మునుగలేదు.

దీనికి కారణము సులభముగానే గ్రహింపవచ్చును. సముద్రము మిక్కిలి విశాలము. నలుబది ఓడలు వేర్వేఱుగా పోయినచో పొంచియున్న జలాంతర్గామికి నలుబది మాఱులు వేట దొరకును. ఆ నలుబదియు ఒక్క గుంపైనచో, ఆ గుంపు కనబడకపోయెనా, నలుబదియు తప్పించుకొన్నట్లే. కనబడినను, దగ్గఱకు వచ్చినవాడు కావలివాని చేతికి చిక్కును. దొంగను వెదకుచు అడవియంతయు తిరుగనక్కఱలేదు. దొంగయే బండియొద్దకు రావలయును.

రెండవ ప్రపంచయుద్ధమున ఈ పాఠమును మన తూర్పుతీరము కష్టపడి నేర్చుకొన్నది. ఆ దినములలో బర్మానుండి సాలునకు పదిలక్షల టన్నులకు మించిన బియ్యము మన దేశమునకు దిగుమతియగుచుండెను. ఇండ్లలోని కిరసనాయిలులోను పెద్దభాగము అచటిదే. కాకినాడ, విశాఖపట్టణముల తెలుగు కూలీలు వేలకొలది ఓడలెక్కి రంగూను పోయి, అక్కడి రేవులలోను బియ్యపు మిల్లులలోను పనిచేసి, ఇంటికి డబ్బు పంపుచుండిరి. 1942 మార్చి 8వ తేదీన రంగూను జపానువారి వశమయ్యెను. బియ్యము ఆగెను, చమురు ఆగెను, మనుష్యులు అడవులలోబడి కాలినడకను దేశము చేరజొచ్చిరి.

ఆ వెంటనే ఏప్రిలు నెలలో జపాను నౌకాబలము బంగాళాఖాతమున ప్రవేశించెను. 5వ తేదీన కొలంబోమీదను, 9వ తేదీన తిరుకోణమలమీదను వారి విమానములు బాంబులు కురిపించెను. ఒజావా యను సేనాపతి క్రింద వేఱొక దళము కళింగాంధ్ర తీరమునకు వచ్చెను. విమానదాడికి చిక్కునన్న భయమున కలకత్తా రేవులోని ఓడలను అధికారులు అంతకుముందే సముద్రములోనికి తోలివేసిరి. కాని వాని వెంట పంపుటకు రక్షకనౌకలు లేకపోయినవి. ఒంటియెద్దులవలె తీరము వెంబడి పోవుచున్న ఆ ఓడలు శత్రువుల నోటబడినవి. కొలదిదినములలోనే ఇరువదికి పైగా వర్తకపుటోడలు మునిగినవి. ఏప్రిలు 6వ తేదీన విశాఖపట్టణముమీదను కాకినాడమీదను బాంబులు పడినవి. అదే దినమున ఆరకాను తీరమునందలి అక్యాబు రేవులో ఇండస్ అను మన దేశపు రక్షకనౌక విమానదాడికి మునిగెను. తీరపు పట్టణములు ఖాళీయయ్యెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు సహితము వాల్తేరు విడిచి గుంటూరునకు తరలవలసివచ్చెను. తీరమువెంట వర్తకపుటోడల రాకపోకలు కొన్ని వారములపాటు స్తంభించెను. మా తండ్రిగారి తరమువారు యుద్ధకాలమున కిరసనాయిలు కొఱకు చీటీ పట్టుకొని నిలిచిన కథ చెప్పుచుండిరి. ఆ చీటీకి మూలము ఇక్కడ నున్నది.

ఇట్టి స్థితినుండి తీరమును తేఱ్చినవి బిడారులే. అవి నడచు తీరు వినుడు. వర్తకపుటోడలు వరుసలుగా నిలుచును. ఒక వరుసలో ఒకదాని వెనుక నొకటి, వరుసకును వరుసకును నడుమ కొంత యెడము. అన్నిటిలో మందగతిగల ఓడ యెంత వేగముగా పోగలదో బిడారంతయు అంతే పోవలయును. రాత్రులయందు దీపము కనబడరాదు. చుట్టును రక్షకనౌకలు. వీనిలో ఆస్డిక్కు అను పరికరముండును. గబ్బిలము చీకటిలో కూతపెట్టి, అది తగిలి మరలివచ్చుటను బట్టి అడ్డమెక్కడనున్నదో తెలిసికొనునట్లు, ఈ పరికరము నీటిలోనికి శబ్దమును పంపి, ప్రతిధ్వనినిబట్టి జలాంతర్గామి యెంతదూరమున నున్నదో చెప్పును. పిమ్మట ఆ చోటికి పోయి, మందు నింపిన పీపాలను నీటిలో జాఱవిడుతురు. ముందే నిర్ణయించిన లోతునకు దిగగానే అవి ప్రేలును.

ఈ కావలిలో ధర్మసంకటము లేకపోలేదు. శత్రువును తఱుముకొనిపోయినచో మంద దిక్కులేనిదగును. మందను విడువకున్నచో శత్రువు తప్పించుకొని రేపు మఱియొక మందపై బడును. దెబ్బతిన్న ఓడ కొఱకు బిడారు నిలువరాదు, తక్కినవి సాగిపోవలయును. నీటిలోబడి చేతులూపు మనుష్యులను చూచుచు సాగిపోవుట యెట్టిదో సముద్రమెఱుగని మనము ఊహింపనైన లేము.

ఆనాడు మన దేశపు నౌకాదళము మిక్కిలి చిన్నది. 1934లో రాజకీయ భారత నౌకాదళమని పేరుపెట్టినారు కాని 1939లో యుద్ధము మొదలైనపుడు అందు యుద్ధనౌకలు ఎనిమిది మాత్రమే. యుద్ధము ముగియునాటికి నూటికి పైగా నౌకలును, సుమారు ముప్పదివేల జనమును అయినది. ఇంగ్లండున కట్టబడివచ్చిన క్రొత్త రక్షకనౌకలకు నదుల పేర్లు పెట్టిరి: జమున, సట్లెజు, నర్మద, కావేరి. మన గోదావరి, కృష్ణ పేర్లును అందు చేరినవి.

బెంగాల్ అను చిన్ననౌక కథను ముందుగా చెప్పెదను. అది సిడ్నీ నగరమున కట్టబడినది. విల్సను అను అధికారి క్రింద, భారతీయ నావికులతో, ఆండినా యను డచ్చి చమురు ఓడకు తోడుగా ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిలు నుండి డీగో గార్షియా దీవికి బయలుదేరినది. 1942 నవంబరు 11వ తేదీన కోకోసు దీవులకు నైరృతిదిశను రెండు పెద్ద జపాను ఓడలు ఎదురైనవి. ఒక్కొక్కటి పదివేల టన్నులది, పెక్కు పెద్దఫిరంగులు కలది. బెంగాలునకున్నది ఒక్క చిన్న ఫిరంగి. చమురు ఓడకును ఒక్కటే. విల్సను చమురు ఓడను పాఱిపొమ్మని చెప్పి, తాను శత్రువులకు ఎదురు నడచెను. జరిగిన కాల్పులలో హోకోకు మారు అను శత్రునౌకలో మంట పుట్టి, మందుగుండు ప్రేలి అది మునిగిపోయెను. తగిలిన గుండు బెంగాలుదా, ఆండినాదా యని నేటికిని ఇరువాదములు కలవు. ఆండినా నాయకుడు హార్సుమను ప్రాణము కోల్పోయెను. బెంగాలునందు ఒక్కరును చావలేదు. రెండును ఒకదానినొకటి మునిగినదనుకొని వేర్వేఱు దారులబట్టి, ఒకటి డీగో గార్షియాను, ఒకటి ఫ్రీమాంటిలును చేరినవి. ఏనుగుల కెదురు నిలిచిన కుక్కపిల్ల యనదగిన ఈ సాహసము, కావలివాని ధర్మమేదో తెలుపుచున్నది: గెలుపు ముఖ్యము కాదు, అప్పగించిన సొత్తు తప్పించుకొనుట ముఖ్యము.

ఇక మన విశాఖపట్టణపు ముంగిట జరిగిన సంగతి. 1944 ఫిబ్రవరి 11వ తేదీ. కొలంబోనుండి కలకత్తాకు పోవు వర్తకపు బిడారు మన తీరము వెంబడి సాగుచుండెను. దానికి జమున యను మన నౌకయు, లాన్‌సెస్టన్, ఇప్స్‌విచ్ అను ఆస్ట్రేలియా నౌకలును కావలి. ఆ రెండును బెంగాలు తరగతికే చెందినవి. విశాఖకు చేరువలో జపాను జలాంతర్గామి యొకటి టార్పీడోను విడిచి, ఆస్ఫేలియన్ అను ఓడను కొట్టెను. దెబ్బతగిలినను ఆ ఓడ మునుగలేదు. కావలినౌకలు మూడును ప్రతిధ్వనినిబట్టి శత్రువును పట్టి, మందుపీపాలను దించి, దానిని అందలి జనులతోగూడ అడుగునకు పంపినవి. ఆర్‌ఓ 110 అని ఆ జలాంతర్గామి పేరు.

ఇప్పుడు రెండు దినములను ప్రక్కప్రక్కను పెట్టి చూడుడు. 1942 ఏప్రిలులోను 1944 ఫిబ్రవరిలోను సముద్రమదే, తీరమదే, శత్రువు ఆ దేశమువాడే. మొదటిసారి వచ్చినది విమానములతోగూడిన పెనుదళము, రెండవసారి వచ్చినది ఒంటి జలాంతర్గామి. ఈ భేదమును నేను దాచను. అయినను మొదటిసారి కావలి లేక ఇరువది ఓడలు పోయినవి. రెండవసారి కావలియుండి ఒక్కటియు మునుగలేదు.

ఆ యేడు ఆగష్టు 12వ తేదీన మన గోదావరి పేరు పెట్టుకొన్న నౌక, ఫిండ్‌హార్న్ అను ఆంగ్లనౌకతో గూడి, సీషెల్సు దీవులకు చేరువలో జర్మనీవారి యూ 198 అను జలాంతర్గామిని ముంచెను. పాపికొండల నడుమ పాఱు నది పేరు పెట్టుకొనినది ఆఫ్రికా దిక్కు సముద్రమున కావలికాచినది.

పెద్దలారా! ఇంతవఱకు చెప్పినది వీరగాథ. దీని వెనుక వేఱొక కథ కలదు. దానిని దాచినచో చరిత్ర చెప్పినవాడను కాను.

బిడారునందు ఏ సరకు పోవలయునో నిర్ణయించినవారు నావికులు కారు. 1943లో వంగదేశమున క్షామము వచ్చి సుమారు ముప్పదిలక్షల జనము ఆకలికిని రోగములకును మడిసినది. కారణములు పెక్కు. అందు ఓడల కేటాయింపు ఒకటి. భారతదేశమునకు ధాన్యపుటోడలు పంపుడని ఇక్కడి అధికారులు మాటిమాటికి అడిగినను, ఓడలు చాలవని లండనులోని మంత్రివర్గము కావలసినన్ని ఈయలేదు. కావలి యెంత గట్టిదైనను, బండిలో గింజలు వేయనివాని దోషమును కావలివాడు తీర్చలేడు.

నావికుల గతి యేమి? వర్తకపుటోడల బొగ్గుకొట్లలోను యంత్రముల గదులలోను పనిచేసిన భారతీయ ఖలాసీలు వేలకొలది ఆ యుద్ధమున ప్రాణములర్పించిరి. తెల్లనావికునికిచ్చు జీతములో వారికి ముట్టినది కొంతభాగమే. యుద్ధనౌకలలోని మనవారి కూడును హీనము, మాటలును హీనము. జాతినిబట్టి తిట్లు. 1946 ఫిబ్రవరి 18వ తేదీన బొంబాయిలో తల్వార్ అను శిక్షణకేంద్రమున నావికులు పని మానిరి. డెబ్బదికి పైగా నౌకలు, ఇరువదివేల నావికులు అందులో చేరిరి. విశాఖపట్టణమునందలి నావికులును చేరిరి. అయిదు దినముల తరువాత సర్దారు పటేలు మున్నగు నాయకుల హితవు విని లొంగిపోయిరి. సముద్రమున శత్రువునుండి ఇతరుల సొత్తును కాచినవారికి తమ మానమును కాచుకొనుటకు సమ్మె తప్ప వేఱుదారి లేకపోయెను.

మా విద్యార్థియొకడు నన్నొకప్పుడడిగెను: “అయ్యవారూ, మనలను ఏలుచున్న దొరల యుద్ధమున మనవారు కావలికాచుట గౌరవమా, దాస్యమా?” అని. ఆ ప్రశ్నకు నాయుత్తరము ఈనాటికిని అదే. యుద్ధము దొరలదే, నిర్ణయము దొరలదే. కాని ఆ ఓడలోని ప్రాణములు, గింజలు, చమురు దొరలవి మాత్రమే కావు. బంటు రాజును ఎన్నుకొనలేదు. తనకు అప్పగించిన మనుష్యులను విడువకుండుట మాత్రము బంటు చేతిలోనున్నది. దానిని వారు నెఱవేర్చిరి. ఆ పని ముగియగానే అన్యాయమును ఎదిరించిరి. ఈ రెండును ఒక్క పౌరుషపు రెండు ముఖములని నాయభిప్రాయము.

1947లో దేశము చీలినపుడు నౌకలను పంచుకొనిరి. విధివిలాసమేమందుము! గోదావరి నౌక పాకిస్తానుభాగమునకు పోయి సింద్ అను పేరు దాల్చెను. కృష్ణ మనకు దక్కి దశాబ్దములు కొలువు చేసెను. గోదావరి పేరు మరల 1983లో మన దేశముననే రూపొందింపబడిన క్రొత్త యుద్ధనౌకకు పెట్టిరి. అదియు 2015వఱకు పనిచేసి విశ్రమించినది.

కావలిపని ముగియలేదు. సోమాలియా దొంగల బెడదకు 2008 నుండి ఏడెను సింధుశాఖకడ మన నౌకలు గస్తీ తిరుగజొచ్చినవి. 2023 నవంబరు నుండి ఎఱ్ఱసముద్రమున వర్తకపుటోడలమీద దాడులు మొదలైనప్పుడు, పెక్కు ఓడలు ఆఫ్రికాఖండమును చుట్టి పోవలసివచ్చినది. 2024 జనవరిలో ఏడెను ప్రాంతమున మార్లిన్ లువాండా యను చమురు ఓడ క్షిపణి తగిలి మండుచుండగా, నిప్పార్పుటకు పరుగెత్తినది మన విశాఖపట్టణమను పేరుగల యుద్ధనౌక. ఒకనాడు బాంబులు తిన్న పట్టణపు పేరు నేడు మంటలార్పుటకు పోయినది.

మన ఎర్రమంచికి ఇందులో పనిలేదని ఇప్పుడెవ్వరనగలరు? 2019 నుండి మన పొలిమేరనే కియా కార్ల కర్మాగారము పనిచేయుచున్నది. ఇక్కడ కట్టిన కార్లు లారీలనెక్కి, రైళ్లనెక్కి, రేవులు చేరి, ఓడలలో దూరదేశములకు పోవుచున్నవి. అందు జీతమెత్తు మన పిల్లల సంపాదన సముద్రపు దారులు తెఱచియుండుటమీద ఆధారపడియున్నది. పూర్వము మనకు దిగుమతి మాత్రమే కడలినుండి వచ్చెడిది. నేడు మన చేతిపనియు కడలినెక్కినది.

కావలివానికి కీర్తి వచ్చుట అరుదు. దొంగను పట్టినరాత్రి అందఱును మెచ్చుకొందురు. దొంగ రాని రాత్రులను లెక్కించువారు లేరు. బిడారు చరిత్రలో అధికభాగము ఇట్టి రాత్రులే. ఏమియు జరుగక ఓడలు రేవు చేరినవి, మూటలు దిగినవి, అంతటితో కథ ముగిసినది. ఆ కథ లేనితనమే వారి విజయము. మీ యూళ్లలో ఎవ్వరియింటనైనను నౌకాదళమున గాని, వర్తకపుటోడలమీద గాని పనిచేసిన పూర్వులుండినచో, వారి కాగితములను, పతకములను, చెప్పిపోయిన మాటలను పాఱవేయక భద్రపఱుపుడని నా మనవి. మెట్టసీమ బిడ్డలకు సముద్రపు చరిత్రను చెప్పుటకు అంతకన్న మేలైన వాచకము దొరకదు.